టాంక్‌బండ్ విగ్రహాలు

భివండిలోని కనేరి, పద్మానగర్‌లలో మరమగ్గాలపై బతుకుతున్న మన తెలంగాణ పద్మశాలీలు ఊరికి వెళ్ళినప్పుడు హైదరాబాదులో పిల్లలకు చూపించే చోటు టాంక్‌బండ్. ఆ విగ్రహాల కథ నేడు చెప్పుకుందాం.

ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు న్యూయార్క్‌లో స్వేచ్ఛాదేవి విగ్రహాన్ని చూసి, మన రాజధానికీ అటువంటి గుర్తు ఒకటి ఉండాలని సంకల్పించారు. భువనగిరి దగ్గరి రాయగిరి కొండలో ఏకశిలను ఎంచారు. గణపతి స్థపతి ఆధ్వర్యంలో 58 అడుగుల బుద్ధుడు రూపుదిద్దుకున్నాడు. ఈలోగా, 1986లో, గట్టుమీద 33 మంది ప్రముఖుల విగ్రహాలు వెలిశాయి.

1990 మార్చి 10న బుద్ధుణ్ణి హుస్సేన్‌సాగర్ మధ్యకు తరలిస్తుండగా బార్జీ ఒరిగింది. విగ్రహం నీట మునిగింది. పనిలో ఉన్న పలువురు ప్రాణాలు కోల్పోయారు. రెండేళ్ళకు పైగా నీటి అడుగున ఉన్న విగ్రహాన్ని వెలికితీసి, 1992 డిసెంబరు 1న పీఠంపై నిలబెట్టారు.

గట్టుమీది విగ్రహాలకూ పరీక్ష వచ్చింది. వాటిలో మఖ్దూం మొహియుద్దీన్ ఉన్నా, తెలంగాణవారికి తగినంత చోటు దక్కలేదన్న బాధ చాలాకాలంగా ఉండేది. 2011 మార్చి 10న, మిలియన్ మార్చ్ నాడు, పలు విగ్రహాలు ధ్వంసమయ్యాయి. తరువాత వాటిని మళ్ళీ నెలకొల్పారు. కొమరం భీం విగ్రహం కూడా అక్కడికి చేరింది.

పీఠాలమీద ఎవరుండాలన్న వాదం పెద్దదే. ఆ రాతిని చెక్కినవారు, తరలిస్తూ మరణించినవారు మాత్రం ఆ వాదంలో ఏ పక్షానా కనిపించరు. ఈసారి టాంక్‌బండ్‌కు వెళితే, పిల్లలకు వారి సంగతి కూడా చెప్పండి.