‘పూర్తి నష్టం’గా తేల్చిన మోటారు సైకిలును తిరిగి రోడ్డెక్కించడం ఎలా?

పెనుకొండ, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం ప్రాంతాల పల్లెల నుండి బెంగళూరుకు సాగే 44వ జాతీయ రహదారి (పూర్వపు 7వ నెంబరు) దేవనహళ్ళి మీదుగానే పోతుంది. 2008లో ఇక్కడ విమానాశ్రయం ప్రారంభమైన తరువాత ఈ దారిపై భారీ వాహనాల రద్దీ పెరిగింది. పాల క్యాన్లకు, పట్టుగూళ్ళ మూటలకు, కూలి పనికి మోటారు సైకిలునే నమ్ముకున్న కుటుంబాలు సరిహద్దుకు ఇరువైపులా ఎన్నో ఉన్నాయి. ప్రమాదంలో బండి నుజ్జయి, బీమా సంస్థ దానిని ‘పూర్తి నష్టం’గా తేల్చినప్పుడు ఇంటివారి ముందు రెండు దారులుంటాయి. సొమ్ము తీసుకొని బండిని వదులుకోవడం ఒకటి, బండిని నిలుపుకొని బాగుచేయించడం మరొకటి. ఏ కాగితంపై సంతకం చేస్తున్నదీ తెలియకపోతే రెండవ దారి శాశ్వతంగా మూసుకుపోవచ్చు.

పూర్తి నష్టం అంటే ఏమిటి?

పాలసీలో ఐ.డి.వి. అనే మొత్తం ఉంటుంది. ఇది కంపెనీ నిర్ణయించిన అమ్మకపు ధర నుండి బండి వయసును బట్టి తరుగు తీసివేయగా మిగిలిన విలువ. ఆ తరుగు ఆరు నెలల లోపు బండికి 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ళ లోపు 20, మూడేళ్ళ లోపు 30, నాలుగేళ్ళ లోపు 40, ఐదేళ్ళ లోపు 50 శాతం. మరమ్మతు ఖర్చు ఐ.డి.వి.లో 75 శాతం దాటితే, 2002 నాటి మోటారు టారిఫ్ నిబంధన ప్రకారం దానిని పూర్తి నష్టంతో సమానంగా పరిగణిస్తారు.

ఇది కేవలం డబ్బు లెక్క. బండి ఇక నడవదని చెప్పే తీర్పు కాదు. పాత బండికి ఐ.డి.వి. తక్కువ గనుక ఫోర్కులు, ట్యాంకు, హెడ్‌లైటు, రిమ్ము మార్చినంత మాత్రాననే ఆ గీత దాటవచ్చు. చట్టం మాట వేరు. మోటారు వాహనాల చట్టం 1988లోని 55వ సెక్షను ప్రకారం వాహనం ధ్వంసమైనా, శాశ్వతంగా వాడకానికి పనికిరాకుండా పోయినా యజమాని 14 రోజులలో, లేదా వీలైనంత త్వరగా, రిజిస్టరింగ్ అధికారికి తెలిపి ఆర్.సి.ని అప్పగించాలి. అప్పుడు రిజిస్ట్రేషను రద్దవుతుంది. బాగుచేయదగిన బండికి ఈ స్థితి రానవసరం లేదు.

రెండు రకాల పరిష్కారం

మొదటి పద్ధతిలో బీమా సంస్థ ఐ.డి.వి. మొత్తాన్ని, పాలసీలో చెప్పిన స్వల్ప కోత పోను, చెల్లించి బండిని తీసుకుంటుంది. సాధారణంగా ఆర్.సి. రద్దు పత్రాన్ని కూడా అడుగుతుంది. రెండవ పద్ధతిలో దెబ్బతిన్న బండికి పలికే ధరను, అనగా సాల్వేజ్ విలువను, తగ్గించి మిగిలినది చెల్లిస్తుంది. బండి, ఆర్.సి. యజమాని వద్దనే ఉంటాయి. తిరిగి రోడ్డెక్కించదలచినవారు ఈ రెండవ పద్ధతినే వ్రాతపూర్వకంగా కోరాలి.

ఉదాహరణకు ఐ.డి.వి. 60,000 రూపాయలు, షోరూము ఎస్టిమేటు 48,000 అనుకుందాం. 60,000లో 75 శాతం 45,000 గనుక ఇది పూర్తి నష్టమే. సాల్వేజ్ విలువ 18,000గా నిర్ణయిస్తే చేతికి వచ్చేది 42,000. షోరూములోనే బాగుచేయిస్తే ఇంటి నుండి మరో 6,000 వేయాలి. అనుభవజ్ఞుడైన మెకానిక్ 30,000కు చేయగలిగితే 12,000 మిగులుతుంది. కానీ బండిని వదులుకొని ఉంటే 60,000 చేతికి వచ్చేది. అందువలన బాగుచేసిన బండి విలువ ఆ తేడాకు తగినంత ఉన్నదా అని చూసుకొని నిర్ణయించుకోవాలి. బండిపై అప్పు ఉంటే సొమ్ము మొదట ఫైనాన్సు సంస్థకే పోతుంది. ఆ సంస్థ అంగీకారం ముందే పొందడం మంచిది.

ఆర్.సి. రద్దయితే

ఒకసారి రిజిస్ట్రేషను రద్దయిన బండిని తిరిగి నమోదు చేయించుకొనే సులువైన మార్గం చట్టంలో లేదు. అధికారి ఉత్తర్వుపై అభ్యంతరం ఉన్నవారు 57వ సెక్షను కింద 30 రోజులలో అప్పీలు చేసుకోవచ్చు. గడువు దాటితే ఆ బండి విడిభాగాలకే పరిమితం.

బండిని సాల్వేజ్ కొన్నవారికి అప్పగించి ఆర్.సి.ని తమ పేరనే వదిలివేయడం అంతకన్న ప్రమాదం. ఆ బండి మరొకరి చేతిలో ప్రమాదం చేస్తే, రికార్డులో పేరున్న యజమానే పరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి ఆర్.సి. రద్దయినట్లు గానీ, పేరు మారినట్లు గానీ పత్రం చేతికి వచ్చేదాకా వదలరాదు.

మరమ్మతులో చూడవలసినవి

అన్నింటికన్న ముందు ఫ్రేమును పరీక్షించాలి. హ్యాండిలు తిరిగే గొట్టం వద్ద పగులు, పెయింటు ముడతలు, వంగిన గుర్తులు ఉన్నాయేమో చూడాలి. వెనుక చక్రం నుండి ముందు చక్రానికి ఇరువైపులా దారం లాగి పట్టుకుంటే రెండు చక్రాలు ఒకే గీతలో ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. ఫోర్కు గొట్టాలు, కోన్‌సెట్టు, స్వింగ్ ఆర్మ్, రిమ్ముల ఊగు, బ్రేకు డిస్కు వంపు, షాకబ్జర్లు, ట్యాంకు లీకు, వైరింగు వరుసగా చూడాలి. ఎ.బి.ఎస్. ఉన్న బండ్లలో చక్రం వద్ద సెన్సారు పనిచేస్తున్నదో లేదో గమనించాలి. పగిలిన ఫ్రేమును వెల్డింగుతో అతికించి రోడ్డెక్కించడం ప్రాణాంతకం. వరద నీటిలో మునిగిన బండిని ఆయిలు మార్చకముందు స్టార్టు చేయరాదు.

ఛాసిస్ నెంబరును కోయడం, గీకడం, తిరిగి కొట్టించడం ఎట్టి పరిస్థితిలోనూ కూడదు. ఛాసిస్, ఇంజను నెంబర్లు ఆర్.సి.తో సరిపోలకపోతే రిజిస్ట్రేషను రద్దు చేసే అధికారం 55వ సెక్షనులోనే ఉంది. ఫ్రేము లేక ఇంజను మార్చక తప్పకపోతే ముందుగా ఆర్.టి.ఓ. అనుమతి పొంది, కొనుగోలు బిల్లులు భద్రపరచాలి. దేవనహళ్ళి ఆర్.టి.ఓ. పరిధిలోని బండ్ల నెంబర్లు కె.ఎ. 43తో మొదలవుతాయి.

సరిహద్దు కుటుంబాలకు ప్రత్యేక సూచనలు

ఆంధ్రప్రదేశ్ నెంబరు బండి దేవనహళ్ళి వద్ద ప్రమాదానికి గురైతే పోలీసు కేసు ఆ స్థలం పరిధిలోని ఠాణాలోనే నమోదవుతుంది. బండిని పోలీసులు స్వాధీనం చేసుకొని ఉంటే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు తనిఖీ, విడుదల ఉత్తర్వు పూర్తి అయ్యేదాకా మరమ్మతు మొదలుపెట్టరాదు. సర్వేయరు చూడకముందు విడిభాగాలు విప్పించరాదు. ఎఫ్.ఐ.ఆర్. నకలును, అది కన్నడంలో ఉన్నా, బీమా కాగితాలతో జతపరచాలి. ఇతర రాష్ట్రపు బండిని 12 నెలలకు మించి ఉంచుకుంటే ఎన్.ఓ.సి.తో కొత్త రిజిస్ట్రేషను గుర్తు తీసుకోవాలని 47వ సెక్షను చెబుతున్నది.

బ్రిటన్‌లో 2017 అక్టోబరు నుండి ఇటువంటి బండ్లను ఏ, బి, ఎస్, ఎన్ అనే తరగతులుగా విభజించి, మొదటి రెండింటిని తిరిగి రోడ్డెక్కకుండా నిషేధించారు. మన ఆర్.సి.పై అటువంటి గుర్తు లేదు. కాబట్టి చవకగా దొరికిన పాత బండిని కొనేవారు ఆర్.సి. స్థితిని వాహన్ రికార్డులో చూసి, ఛాసిస్ నెంబరును స్వయంగా పోల్చుకోవాలి.

తిరిగి నడపడానికి ముందు

పూర్తి నష్టం సొమ్ము చెల్లించిన తరువాత పాత పాలసీ కొనసాగుతుందని అనుకోరాదు. కొత్త పాలసీ కోసం బీమా సంస్థ బండిని తనిఖీ చేయవచ్చు. పాత క్లెయిమును దాచరాదు. 2022 జూన్ 1న అమలులోకి వచ్చిన రేట్లలో 75 నుండి 150 సి.సి. బండ్ల థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 714 రూపాయలు. బీమా లేకుండా నడిపితే తొలిసారి 2,000, మరల పట్టుబడితే 4,000 రూపాయల జరిమానా, మూడు నెలల వరకు జైలు శిక్ష కూడా పడవచ్చు. కాలుష్య తనిఖీ పత్రం, నెంబరు ప్లేటు కూడా సరిగా ఉండాలి.

సాల్వేజ్ విలువ ఎక్కువగా కట్టారనిపిస్తే మొదట బీమా సంస్థకు వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల రోజులలో జవాబు రాకపోయినా, వచ్చినది తృప్తిగా లేకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. కర్ణాటకకు బెంగళూరులో, ఆంధ్ర, తెలంగాణలకు హైదరాబాదులో ఈ కార్యాలయాలున్నాయి. ఇందుకు రుసుము లేదు, వకీలు అవసరమూ లేదు. సర్వేయరు నివేదిక, ఎస్టిమేటు, సంతకం చేసిన ప్రతి కాగితం నకలు ఇంట్లో ఉంచుకున్నవారికే ఈ దారి ఉపయోగపడుతుంది.