పదోవంతు లెక్క



2024 ఎన్నికల తరువాత ఒక సాయంకాలం, తొమ్మిదో తరగతి చదువుతున్న మా మనుమరాలు వార్తలు వింటూ నన్నొక ప్రశ్న వేసింది. "తాతయ్యా, లోక్‌సభలో ప్రతిపక్ష నాయకుడు పదేళ్ళ తరువాత ఇప్పుడొచ్చాడంటున్నారు. మరి ఈ పదేళ్ళూ ప్రతిపక్షమే లేదా?" ఉన్నదని చెప్పాను. "ఉంటే నాయకుడెందుకు లేడు?" అన్నది. నేను బ్రతుకంతా తెలుగు వ్యాకరణం చెప్పినవాణ్ణి, సాంఘికశాస్త్రం నా పాఠం కాదు. అయినా ఆ ప్రశ్న నన్ను వదలలేదు. పాత పుస్తకాలు తిరగవేసి, నా స్మృతిలో ఉన్నదానితో సరిచూసుకొని, ఆ పిల్లకు చెప్పిన సమాధానాన్నే కొంత విస్తరించి ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదటి లోక్‌సభతో ప్రారంభించాలి. 1951-52లో జరిగిన ఎన్నికలలో 489 స్థానాలకు గాను కాంగ్రెసుకు 364 లభించాయి. వచ్చిన ఓట్లు నూటికి 45 మాత్రమే. అంటే సగానికి తక్కువ ఓట్లతో సభలో ముప్పాతిక వంతు స్థానాలు దక్కాయన్నమాట. ఇంతకన్న విచిత్రమైన లెక్క మరొకటి ఉన్నది. సోషలిస్టు పార్టీకి నూటికి పది ఓట్లకు పైగా వచ్చినా దక్కినవి 12 స్థానాలు. కమ్యూనిస్టు పార్టీకి నూటికి మూడు ఓట్లు పైచిలుకు మాత్రమే వచ్చినా 16 స్థానాలు గెలిచింది. కారణం సులభగ్రాహ్యమే. సోషలిస్టుల ఓట్లు దేశమంతటా చల్లిన విత్తనాల వలె చెదిరిపోయాయి. కమ్యూనిస్టుల ఓట్లు కొన్ని ప్రాంతాలలో కుప్పగా పడ్డాయి. మన ఎన్నికల పద్ధతిలో చెదిరిన ఓటుకు విలువ లేదు, కుప్పపడ్డ ఓటుకే ఫలం.

ఆ కుప్పపడ్డ ఓట్లలో మన తెలుగునేల వాటా తక్కువది కాదు. అప్పటి హైదరాబాదు రాష్ట్రంలో కమ్యూనిస్టులు పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంటు పేరుతో పోటీచేసి 7 లోక్‌సభ స్థానాలు గెలిచారు. నల్లగొండ నుండి రావి నారాయణరెడ్డిగారు దేశంలోనే అత్యధికంగా ఓట్లు పొంది, ఆ లెక్కలో నెహ్రూగారిని సైతం మించిపోయారు. అదే రాష్ట్రంలోని ఆదిలాబాదు నుండి సి. మాధవరెడ్డిగారు సోషలిస్టు అభ్యర్థిగా నెగ్గారు. ఈ పేరును పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్ళీ వస్తుంది.

మొదటి సభకు అధ్యక్షత వహించిన సభాపతి మావలంకర్‌గారు ఒక నియమం నిర్దేశించారు. సభలో ఒక సమూహాన్ని పార్టీగా గుర్తించాలంటే మొత్తం సభ్యులలో కనీసం పదోవంతు బలం ఉండాలి. సభ నడవడానికి రాజ్యాంగం విధించిన కనీస హాజరు కూడా పదోవంతే. తక్కినవారెవ్వరూ రాకపోయినా తన సభ్యులతోనే సభను నిలుపగల శక్తి గలదే పార్టీ అన్న తర్కం ఇందులో ఉన్నది. తర్కం మంచిదే. ఫలితం మాత్రం కఠినమైనది. ఎ.కె. గోపాలన్ వంటి ఉద్దండుడు కమ్యూనిస్టు బృందానికి నాయకుడై సభలో ఎంత గర్జించినా ఆయన 'ప్రతిపక్ష నాయకుడు' కాలేకపోయాడు. 1957లో కమ్యూనిస్టులకు 27, 1962లో 29 స్థానాలు వచ్చాయి. 1967లో కాంగ్రెసు 520లో 283కు దిగజారినప్పుడు కూడ, తరువాతి స్థానంలో నిలిచిన స్వతంత్ర పార్టీకి వచ్చినవి 44. కావలసినవి 52.

మరి మొదటి ప్రతిపక్ష నాయకుడు ఎవరు? ఎన్నికలలో ఓడిన పక్షం నుండి వచ్చినవాడు కాడు! 1969లో కాంగ్రెసు రెండుగా చీలినప్పుడు, ఇందిరాగాంధీని వ్యతిరేకించిన పాత కాంగ్రెసు వర్గానికి పదోవంతు మించిన బలం ఉన్నందున, ఆ వర్గానికి చెందిన రామ్ సుభగ్ సింగ్ ఆ గుర్తింపు పొందారు. పదిహేడేళ్ళు ప్రజలు ఇవ్వని ప్రతిపక్షాన్ని ఇంటిపోరు ఇచ్చింది. 1971 ఎన్నికలలో ఆ వర్గం 16 స్థానాలకు కుంచించుకుపోగా, కాంగ్రెసు 352 గెలవగా, ఆ కుర్చీ మళ్ళీ ఖాళీ అయింది.

1977లో అత్యవసర పరిస్థితి తరువాత చక్రం పూర్తిగా తిరిగింది. ఉత్తరదేశమంతా జనతా పార్టీకి జేజేలు పలికితే, మన ఆంధ్రప్రదేశ్ మాత్రం 42లో 41 స్థానాలు కాంగ్రెసుకు ఇచ్చింది. మిగిలిన ఆ ఒక్కటీ నంద్యాల. అక్కడ నెగ్గిన నీలం సంజీవరెడ్డిగారు లోక్‌సభ సభాపతి అయి, కొద్ది నెలలకే రాష్ట్రపతి పీఠం అధిష్ఠించారు. 154 మందితో కాంగ్రెసు మొదటిసారి ప్రతిపక్షంలో కూర్చున్నది. ప్రతిపక్ష నాయకునికి జీతభత్యాలు కల్పించే శాసనం వచ్చినది కూడ ఆ 1977లోనే. 1980లో ఇందిరాగాంధీ 353 స్థానాలతో తిరిగివచ్చేసరికి ఆ కుర్చీ యథాప్రకారం ఖాళీ.

ఇక 1984. ఇది నేను చదివి తెలుసుకున్నది కాదు, కంటితో చూసినది. అప్పటికి నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన తెలుగు పండితుణ్ణి. డిసెంబరులో ఒక పల్లెటూరి బడిలో ఎన్నికల విధికి పంపారు. వేలికి సిరా పెట్టే పని నాది. అక్టోబరు 31న ఇందిరాగాంధీ హత్య జరిగి ఇంకా రెండు నెలలు కాలేదు. అంతకు ముందు ఆగస్టులో రామారావుగారి ప్రభుత్వాన్ని గవర్నరు బర్తరఫ్ చేయడం, జనం వీధులకెక్కడం, సెప్టెంబరులో ఆయన తిరిగి గద్దెనెక్కడం జరిగాయి. ఒక ముసలమ్మ వేలు చాపి నాతో నెమ్మదిగా అన్నది: "ఇందిరమ్మను తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది నాయనా. రామారావును తలుచుకుంటే ఉక్రోషం వస్తుంది. ఎటు వెయ్యమంటావు?" నేను మాట్లాడరాదు. సిరా పెట్టి, "లోపలికి పోమ్మా" అన్నాను. ఆమె ఎటు వేసిందో నాకు తెలియదు, తెలియకూడదు కూడ. కాని ఆ యేడు ఆంధ్రదేశం ముందున్న ప్రశ్న అదేనని ఇప్పటికీ అనిపిస్తుంది.

దేశం జాలి వైపు మొగ్గింది. కాంగ్రెసుకు 404 స్థానాలు వచ్చాయి. తెలుగువారు అభిమానం వైపు మొగ్గారు. 1982 మార్చి 29న పుట్టిన తెలుగుదేశానికి మూడేళ్ళయినా నిండకముందే 30 స్థానాలు దక్కాయి. ఒక ప్రాంతీయ పక్షం లోక్‌సభలో కాంగ్రెసు తరువాత పెద్ద పక్షంగా నిలవడం అదే మొదటిసారి. నూటికి నాలుగు ఓట్లతో తెలుగుదేశానికి 30 రాగా, నూటికి ఏడుకు పైగా ఓట్లు పొందిన భారతీయ జనతా పార్టీకి వచ్చినవి రెండు. ఆ రెండింటిలో ఒకటి మన హనుమకొండ. అక్కడ జంగారెడ్డిగారి చేతిలో ఓడినవారు పి.వి. నరసింహారావుగారు! కుప్పపడ్డ ఓటు, చెదిరిన ఓటు అన్న 1952 నాటి పాఠం మళ్ళీ అచ్చంగా పునరావృతమైంది.

లోక్‌సభలో ఆ తెలుగుదేశం బృందానికి నాయకత్వం వహించినవారు ఆదిలాబాదు నుండి గెలిచిన సి. మాధవరెడ్డిగారు. అవును, ఆయనే. 1952లో చెదిరిన ఓట్ల పార్టీలో పన్నెండుగురిలో ఒకడై కూర్చున్న మనిషి, ముప్పది రెండేళ్ళ తరువాత కుప్పపడ్డ ఓట్ల పార్టీకి నాయకుడై అదే సభలో లేచి నిలిచారు. కాని పదోవంతు నియమం అడ్డు వచ్చింది. ముప్పది మంది చాలరు. అందుచేత అందరూ ప్రధాన ప్రతిపక్షమని పిలిచినా, చట్టం దృష్టిలో ప్రతిపక్ష నాయకుడు లేనట్టే. అయినా ప్రశ్నలు ఆగలేదు. 1989 జూలైలో బోఫోర్సు వ్యవహారంపై వచ్చిన నివేదిక దరిమిలా ప్రతిపక్షాల సభ్యులు మూకుమ్మడిగా రాజీనామాలు చేసి వెలికి వచ్చారు. ఆ నవంబరు ఎన్నికలలో కాంగ్రెసు 197కు పడిపోయింది. చమత్కారమేమంటే, ఆ కాంగ్రెసును దించిన నేషనల్ ఫ్రంటుకు అధ్యక్షుడు రామారావుగారే. ఆయన సొంత రాష్ట్రం మాత్రం 39 స్థానాలు కాంగ్రెసుకిచ్చి ఆయన పార్టీకి రెండు మిగిల్చింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆయన రచ్చ గెలిచి ఇంట ఓడారు.

ఆ పిమ్మట పాతికేళ్ళు ఏ పార్టీకీ సొంతబలం రాలేదు. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం 269కి 270గా ఒక్క ఓటుతో పడిపోయినప్పుడు సభాపతి స్థానంలో ఉన్నది అమలాపురం సభ్యుడు బాలయోగిగారు. 2014లో భారతీయ జనతా పార్టీ 282తో సొంతబలం సాధించింది. కాంగ్రెసుకు 44, 2019లో 52. కావలసినవి 55. కాబట్టి కుర్చీ పదేళ్ళు ఖాళీ. 2024లో కాంగ్రెసుకు 99 వచ్చాయి, కుర్చీ నిండింది. భారతీయ జనతా పార్టీ 303 నుండి 240కి తగ్గి, 16 మంది సభ్యులున్న తెలుగుదేశం వంటి మిత్రపక్షాల ఆసరాతో ప్రభుత్వం ఏర్పరచింది.

ఇక్కడ ఒక్క లెక్క గమనించండి. కాంగ్రెసుకు 2014లో నూటికి 19కి పైగా ఓట్లు వస్తే 44 స్థానాలు. 2024లో 21 వస్తే 99. రెండు ఓట్లు పెరిగితే స్థానాలు రెట్టింపయ్యాయి. ఎవరితో జత కట్టారు, ఎక్కడ పోటీ చేశారు, ఓటు ఎక్కడ కుప్పపడింది అన్నవే దీనికి కారణాలు. కనుక కుర్చీ ఖాళీగా ఉన్నంతమాత్రాన దేశంలో వేరు అభిప్రాయం లేదనుకోవడం పొరపాటు. ఖాళీ కుర్చీ ప్రజల మౌనానికి గుర్తు కాదు, లెక్కకు గుర్తు. గెలిచినవారు దీనిని మరచినప్పుడల్లా ఏమైనదో 1977, 1989 చెప్పాయి.

మా మనుమరాలికి చివరకు ఇంతే చెప్పాను: "అమ్మా, ప్రతిపక్షం ఎప్పుడూ ఉన్నది. దానికి కుర్చీ వేయాలా వద్దా అన్నదే లెక్క." ఆ పిల్ల ఆలోచించి, "అయితే తాతయ్యా, ఆ లెక్క మార్చరాదా?" అన్నది. దానికి నా దగ్గర సమాధానం లేదు. మీలో ఎవరికైనా తోస్తే చెప్పండి, ఆమెకు అందజేస్తాను. 1984 నాటి పోలింగు జ్ఞాపకాలున్నవారు అవి కూడ పంచుకుంటే సంతోషం. వ్రాతలో దోషాలుంటే పెద్దలు దిద్దగలరు.

స్వస్తి.