పాఠశాలల్లో జెండా వందనం

జాతీయ పతాకాన్ని ఎగరవేసి, విద్యార్థులు వరుసల్లో నిలిచి సెల్యూట్ చేసే కార్యక్రమాన్ని జెండా వందనం అంటారు. బడుల్లో ఇది ముఖ్యంగా ఆగస్టు 15న, జనవరి 26న జరుగుతుంది. తిరుపతి జిల్లా కొసన ఉన్న తడలోనైనా, సరిహద్దు దాటాక వచ్చే తమిళనాడు బడిలోనైనా దీనికి ఆధారం ఒక్కటే: 2002 జనవరి 26న అమల్లోకి వచ్చిన భారత పతాక నియమావళి. అందులో బడులకు ప్రత్యేకమైన క్రమం ఉంది. దాని ప్రకారం ఆజ్ఞలిచ్చి కార్యక్రమం నడిపేది స్కూల్ లీడర్‌గా ఎంపికైన విద్యార్థే.

వరుసలు

విద్యార్థులు చతురస్రానికి మూడు వైపులా నిలుస్తారు. నాలుగో వైపు మధ్యలో జెండా కర్ర ఉంటుంది. ప్రధానోపాధ్యాయులు, స్కూల్ లీడర్, జెండా ఎగరవేసేవారు దానికి మూడు అంగల వెనుక నిలుస్తారు. పిల్లలు తరగతులవారీగా, సంఖ్యను బట్టి పదేసిమంది చొప్పున వరుస కడతారు. అన్నిటికన్నా పెద్ద తరగతి కుడి చివర ఉంటుంది. వరుసల మధ్య కనీసం 30 అంగుళాల ఎడం ఉండాలి.

నడిపే తీరు

తరగతి సిద్ధం కాగానే క్లాస్ లీడర్ ముందుకు వచ్చి స్కూల్ లీడర్‌కు సెల్యూట్ చేస్తారు. అన్ని తరగతులూ సిద్ధమయ్యాక స్కూల్ లీడర్ ప్రధానోపాధ్యాయులకు సెల్యూట్ చేస్తారు, ఆయన తిరిగి సెల్యూట్ చేస్తారు. జెండా విప్పుకునే ముందు అందరినీ అటెన్షన్‌లోకి, విప్పుకోగానే సెల్యూట్‌లోకి తెచ్చేది స్కూల్ లీడరే. కాసేపటికి మళ్లీ ఆజ్ఞ ఇస్తే చేతులు దించి, కదలకుండా నిలిచి 52 సెకన్ల జాతీయ గీతం పాడతారు. ప్రతిజ్ఞ ఉంటే ఆ తర్వాతే.

జెండాలో కాషాయం పైన ఉండాలి, పొడవు వెడల్పులు 3:2 నిష్పత్తిలో ఉండాలి. చిరిగిన జెండా పనికిరాదు, జెండా నేలకు తగలకూడదు. ముందుగా మడతలో పూలరేకులు పెట్టవచ్చు. ఎగరవేసేటప్పుడు చురుగ్గా, దించేటప్పుడు నెమ్మదిగా లాగాలి.

భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ దళాలు తమ పతాక వందనానికి చతురస్రంగా కాక గుర్రపు నాడా ఆకారంలో నిలిచి, మూడు వేళ్లతో సెల్యూట్ చేస్తాయి.

తెలుగు నేలతో సంబంధం

1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా చూపారు. దాని నుంచి మార్పులతో రూపొందిన త్రివర్ణ పతాకాన్ని రాజ్యాంగ సభ 1947 జూలై 22న ఆమోదించింది. 1919 ఫిబ్రవరిలో అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెలో ఉండగా ఠాగూర్ జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించారు. అక్కడే మార్గరెట్ కజిన్స్ దాని బాణీకి స్వరాలు రాశారు. రోజూ ప్రార్థన సమయంలో పిల్లలు చెప్పే ప్రతిజ్ఞను 1962లో విశాఖపట్నంలో పైడిమర్రి వెంకట సుబ్బారావు రాశారు. పతాక నియమావళిలోని ప్రతిజ్ఞ వేరు. అది జెండాకూ, అది సూచించే గణతంత్రానికీ విధేయత ప్రకటించేది.