మాట వెనుక కథ: క్లిప్పింగ్

మెండోర వైపు ఊళ్లలో ఒగ్గుకథ రికార్డు చేయడం తేలిక కాదు. కథకుడి గొంతు సన్నగా సాగుతుండగానే డోలు మీద దెబ్బ పడుతుంది, రికార్డర్‌లో ఎర్రదీపం వెలుగుతుంది. తర్వాత విన్నవాళ్లు "సౌండు పగిలింది" అంటారు. స్టూడియో వాళ్ల మాట క్లిప్పింగ్. దాని మూలం పాత నార్స్ భాషలోని 'క్లిప్పా', అంటే కత్తిరించడం. పేరు చక్కగా కుదిరింది: డిజిటల్ రికార్డింగులో సున్నా డెసిబెల్ హద్దు తగలగానే తరంగం తల కత్తెరేసినట్టు చదునవుతుంది.

రికార్డింగులో బిట్లు పెంచితే ఆ హద్దు పైకి జరుగుతుందనుకుంటారు. జరగదు. 16 బిట్లకు 65,536 మెట్లు, లెక్క ప్రకారం సుమారు 96 డెసిబెల్స్ పరిధి. 24 బిట్లకు 1,67,77,216 మెట్లు, సుమారు 144. దిగేది అడుగున ఉన్న రొద. అందుకే లెవెల్ తగ్గించి, డోలు దెబ్బను మైనస్ 12 దగ్గర ఆపినా కథకుడి గుసగుస రొదలో కలిసిపోదు. ఈ 'బిట్' మాత్రం అంత పాత మాటేం కాదు. 1948 నాటి వ్యాసంలో క్లాడ్ షానన్ దాన్ని వాడుతూ, ఆ మాట జాన్ టూకీ సూచించిందని చెప్పాడు.

32 బిట్ ఫ్లోట్‌లో సున్నా దాటిన దెబ్బను కూడా తర్వాత దించుకోవచ్చు. మైకులోనే సౌండు పగిలితే మాత్రం ఏ బిట్టూ కాపాడలేదు. డోలుకు మైకును కాస్త ఎడంగా పెట్టాల్సిందే.