బస్తర్‌లో శాస్త్రవేత్తల మాటకు విలువెంత? వాతావరణ మార్పులపై నమ్మకం, సందేహం

శాస్త్రవేత్తలపై ప్రజలకు ఉన్న నమ్మకాన్ని అంచనా వేసేందుకు 68 దేశాల్లో జరిపిన సర్వే ఫలితాలు 2025 జనవరిలో ‘నేచర్ హ్యూమన్ బిహేవియర్’ పత్రికలో వెలువడ్డాయి. సుమారు 72 వేల మంది పాల్గొన్న ఆ అధ్యయనంలో ఈజిప్టు మొదటి స్థానంలో, భారత్ రెండో స్థానంలో నిలిచాయి. శాస్త్రవేత్తల మాటకు భారతీయులు ఇచ్చే విలువ అమెరికా, జర్మనీ, జపాన్ వంటి సంపన్న దేశాల కంటే ఎక్కువని దీన్నిబట్టి చెప్పవచ్చు.

అయితే ఆ సర్వే ఆన్‌లైన్‌లో జరిగింది. ఇంటర్నెట్ అందుబాటులో ఉన్నవారి అభిప్రాయాలే అందులో నమోదయ్యాయి. ఛత్తీస్‌గఢ్ దక్షిణ భాగాన ఏడు జిల్లాలుగా విస్తరించిన బస్తర్ డివిజన్ వైశాల్యంలో కేరళ రాష్ట్రంతో సమానం. అక్కడి అడవుల్లో సెల్‌ఫోన్ సిగ్నల్ సరిగా అందని గ్రామాలు ఎన్నో. ఆ గ్రామాల్లోని మాడియా, మురియా, దోర్లా, హల్బా, ధుర్వా ప్రజలు శాస్త్రవేత్తలను ఎంతవరకు నమ్ముతారన్న ప్రశ్నకు ఆ జాబితాలో సమాధానం దొరకదు. గత 50 ఏళ్ల బస్తర్ చరిత్రలో మాత్రం కొంత దొరుకుతుంది.

తిరస్కారం కాదు, పేరు తెలియకపోవడం

వాతావరణ మార్పులపై సందేహం అనగానే పాశ్చాత్య దేశాల్లో చమురు, బొగ్గు పరిశ్రమల అండతో సాగిన ప్రచారం గుర్తుకు వస్తుంది. భారత్‌లో పరిస్థితి వేరు. యేల్ విశ్వవిద్యాలయం, సీవోటర్ సంస్థ కలిసి 2021-22లో దేశవ్యాప్తంగా ఫోన్ ద్వారా జరిపిన సర్వేలో, భూతాపం గురించి ఏమీ వినలేదనో, కొద్దిగా మాత్రమే తెలుసనో 54 శాతం మంది చెప్పారు. దాని అర్థాన్ని రెండు మాటల్లో వివరించాక, అది జరుగుతోందని 84 శాతం మంది అంగీకరించారు. ప్రధానంగా మనుషుల పనుల వల్లే జరుగుతోందన్నవారు 57 శాతం. అంటే మారుతున్న కాలాన్ని గమనించినవారు చాలామందే ఉన్నారు. శాస్త్రం దానికి పెట్టిన పేరుతోనే పరిచయం లేదు.

ఇందులో భాష పాత్ర చిన్నది కాదు. తెలుగు పాఠ్యపుస్తకాలు ‘శీతోష్ణస్థితి’ అనే మాటను వాడినా, పత్రికలు, ప్రజలు ఈ పూట కురిసే వానకూ, 30 ఏళ్ల సగటుకూ ‘వాతావరణం’ అనే ఒక్క మాటతోనే సరిపెట్టుకుంటారు. ‘వాతావరణం మారుతోంది’ అంటే మబ్బు పట్టిందనుకునే వీలుంది. హిందీలో మౌసమ్, జలవాయు అనే రెండు వేర్వేరు మాటలున్నాయి. కానీ బస్తర్‌లో ఇంటి భాష హిందీ కాదు. ఎక్కువగా హల్బీ, గోండీ, భత్రీ, దోర్లీ.

విద్యావంతుల్లో, ప్రభుత్వ వర్గాల్లో సందేహం బాహాటంగా వినిపించిన సందర్భం ఒకటుంది. హిమాలయ హిమానీనదాలు 2035 నాటికి కనుమరుగు కావచ్చని ఐపీసీసీ 2007 నివేదిక పేర్కొంది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ మాజీ అధికారి వి.కె. రైనా రూపొందించిన చర్చాపత్రాన్ని 2009 నవంబరులో నాటి కేంద్ర మంత్రి జైరాం రమేశ్ విడుదల చేశారు. హిమానీనదాల కరుగుదల అంత అసాధారణంగా లేదని ఆ పత్రం వాదించింది. ఐపీసీసీ అధ్యక్షుడు ఆర్.కె. పచౌరీ దాన్ని కొట్టిపారేశారు. 2010 జనవరిలో మాత్రం 2035 అన్న అంచనా పొరపాటేనని ఐపీసీసీ విచారం వ్యక్తం చేయాల్సి వచ్చింది. హిమానీనదాలు తరిగిపోతున్నాయన్న ప్రధాన నిర్ధారణ ఆ తర్వాతా నిలబడింది. కానీ ప్రశ్నించినవారిని తొందరపడి తోసిపుచ్చడం వల్ల ఆ నిర్ధారణకే కొంతకాలం మచ్చ పడింది.

బస్తర్‌కు ఈ వివాదం ఎన్నడూ చేరలేదు. అక్కడ శాస్త్రం వేరే రూపాల్లో వచ్చింది.

సాల అడవిలో పైన్ మొక్కలు

దేశంలో సాల వృక్షం, అంటే గుగ్గిలం చెట్టు, విస్తరించిన ప్రాంతానికి దక్షిణపు అంచుల్లో బస్తర్ ఒకటి. 1970ల మధ్యలో నాటి మధ్యప్రదేశ్ ప్రభుత్వం ప్రపంచ బ్యాంకు సహాయంతో ఇక్కడ ఒక ప్రయోగం తలపెట్టింది. సహజమైన సాల అడవిని వేల హెక్టార్లలో తొలగించి, కాగితపు గుజ్జుకు పనికివచ్చే ఉష్ణమండల పైన్ చెట్లను పెంచాలన్నది ప్రణాళిక. అటవీ శాస్త్రం లెక్క ప్రకారం సాల నెమ్మదిగా పెరుగుతుంది, పైన్ వేగంగా పెరుగుతుంది. హెక్టారుకు వచ్చే కలప ఎక్కువ. ఆ లెక్కలో తప్పులేదు.

లెక్కలోకి రానివి వేరే ఉన్నాయి. సాల గింజలు, జిగురు, విస్తరాకులు, చెట్ల కింద మొలిచే పుట్టగొడుగులు, పక్కనే పెరిగే ఇప్ప, తునికి, చింత ఆదివాసీ కుటుంబాలకు ఏడాది పొడవునా తిండినీ, రాబడినీ ఇస్తాయి. పైన్ తోటలో ఇవేవీ ఉండవు. ఆదివాసీల వ్యతిరేకతకు, గతంలో బస్తర్ కలెక్టరుగా పనిచేసిన బి.డి. శర్మ వంటి అధికారుల అభ్యంతరాలు తోడయ్యాయి. 1980ల ఆరంభానికి ప్రాజెక్టు అటకెక్కింది. ఈ ఉదంతంపై 1988లో ‘ది అవర్ ఆఫ్ ది ఫాక్స్’ అనే పుస్తకమే వచ్చింది. నేడు కర్బనాన్ని పట్టి ఉంచేందుకు సహజ అడవులను కాపాడాలని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. అదే అడవిని నరికి తోటలు వేయమని చెప్పిందీ ఒకనాటి నిపుణులే కనుక, ఇప్పటి సలహాను అనుమానంగా చూసేవారిని అజ్ఞానులనడం కుదరదు.

వరి వంగడాలు ఎవరివి?

రెండో ఉదంతంలో శాస్త్రవేత్తే రైతు పక్షాన నిలిచారు. కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థకు డైరెక్టరుగా ఉన్న ఆర్.హెచ్. రిఛారియా, విదేశీ పొట్టి రకాలను తగిన చీడపీడల తనిఖీ లేకుండా రప్పించడాన్ని వ్యతిరేకించి 1960లలో పదవికి దూరమయ్యారు. ఆ తర్వాత రాయ్‌పూర్‌లో మధ్యప్రదేశ్ వరి పరిశోధన సంస్థను నడుపుతూ ఛత్తీస్‌గఢ్ ప్రాంతమంతటా తిరిగి, సుమారు 19 వేల వరి నమూనాలను సేకరించారు. బస్తర్ రైతు తన భూమిని టిక్రా, మాల్, గభార్ అని ఎత్తుపల్లాలను బట్టి విభజిస్తాడు. మెట్టకు త్వరగా కోతకొచ్చే రకం, పల్లానికి ఆలస్యంగా పండే రకం వేస్తాడు. రిఛారియా సేకరణకు మూలం ఈ పరిజ్ఞానమే. ఎండను, ముంపును తట్టుకునే లక్షణాల కోసం నేడు పరిశోధకులు వెతుకుతున్నదీ ఇలాంటి రకాల్లోనే.

ఆ సేకరణ చివరకు రాయ్‌పూర్‌లోని ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయానికి చేరింది. 2002లో బహుళజాతి సంస్థ సింజెంటాతో కలిసి ఆ వంగడాలపై పరిశోధన జరిపేందుకు విశ్వవిద్యాలయం సిద్ధమైందన్న వార్త బయటికి పొక్కడంతో రైతు సంఘాలు, ప్రజాసంఘాలు ఆందోళనకు దిగాయి. రైతులు చేతుల్లో పెట్టిన విత్తనాన్ని వారిని అడగకుండా మూడో పక్షానికి ఎలా ఇస్తారన్నది వారి ప్రశ్న. ఆ ఏడాది డిసెంబరులో కంపెనీ వెనక్కి తగ్గింది. ఆ ఆందోళనలో ఎవరూ వరి శాస్త్రాన్ని తప్పుపట్టలేదు. సేకరణ మీద అధికారం ఎవరిదన్న దాని మీదే తగవు.

గనుల విషయంలోనూ అంతే. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఎన్ఎండీసీ 1968 నుంచి బైలాడీలా కొండల్లో ఇనుప ఖనిజం తవ్వుతోంది. తమకు పూజనీయమైన నందరాజ్ కొండ ఉన్న 13వ నిక్షేపంలో తవ్వకాలకు నిరసనగా 2019 జూన్‌లో వేలాది ఆదివాసీలు కిరందుల్ వద్ద బైఠాయించారు. 2014 నాటి గ్రామసభ తీర్మానం నకిలీదని వారు ఆరోపించగా, రాష్ట్ర ప్రభుత్వం చెట్ల నరికివేతను ఆపించి విచారణకు ఆదేశించింది. పర్యావరణ ప్రభావ నివేదిక ఎంత పకడ్బందీగా తయారైనా, దాని వెంట వచ్చే సమ్మతి పత్రం మీద అనుమానం ఉంటే నివేదికనూ ఎవరూ నమ్మరు.

ఎండిన ఇంద్రావతి: కారణం ఏది?

వాతావరణ మార్పుల మాట బస్తర్‌లో అన్నిటికంటే చిక్కుగా మారేది ఇంద్రావతి దగ్గర. ఒడిశాలోని కలహండి జిల్లాలో పుట్టిన ఈ నది రాష్ట్ర సరిహద్దు సమీపంలో జోరా నాలా వద్ద చీలుతుంది. నాలాలోకి వెళ్లిన నీరు శబరిలో కలుస్తుంది. వేసవిలో ఎక్కువ నీరు అటే మళ్లిపోతోందని ఛత్తీస్‌గఢ్ దశాబ్దాలుగా ఫిర్యాదు చేస్తోంది. సరిహద్దు వద్ద 45 టీఎంసీల నీరు అందేలా ఒడిశా చూడాలని పాత ఒప్పందం చెబుతోంది. 2019 వేసవిలో చిత్రకోట్ జలపాతం దాదాపు ఎండిపోయినప్పుడు దేశం దృష్టి ఇటు మళ్లింది.

ఇక్కడ వానల తీరు మారడం నిజం, నది చీలిక నిజం, ఇసుక మేట నిజం, ఎగువన వాడకం పెరగడమూ నిజమే. వీటిలో ఏది ఎంత అన్నది విడదీసి చెప్పకుండా అంతా వాతావరణ మార్పుల ఖాతాలో వేస్తే, జోరా నాలాను కళ్లారా చూసిన రైతు ఒప్పుకోడు. అతని సందేహం శాస్త్రానికి వ్యతిరేకం కాదు. శాస్త్రవేత్త వేయాల్సిన ప్రశ్నే అది.

మారుతున్న కాలానికి కొలతలు లేకపోలేదు. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020 నివేదిక ప్రకారం 1901-2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. మధ్య భారతంలో రోజుకు 150 మిల్లీమీటర్లు దాటే కుండపోత వానలు 1950-2015 మధ్య దాదాపు 75 శాతం పెరిగాయి. ఇప్పపూలు రాలే మార్చి, ఏప్రిల్ నెలల్లో అకాల వాన పడితే ఆ ఏటి రాబడి పోతుందని బస్తర్‌లో ఎవరినడిగినా చెబుతారు. అనుభవానికీ కొలతకూ ఇక్కడ వైరం లేదు. లోటు మధ్యవర్తిది.

జాతీయ స్థాయి అంచనాలు ఆ లోటును పూడ్చవు. 2023లో నైరుతి రుతుపవనాల వానలు దీర్ఘకాలిక సగటులో 96 శాతం ఉంటాయని, నాలుగు శాతం అటూఇటూ కావచ్చని భారత వాతావరణ విభాగం చెప్పింది. నమోదైంది 94 శాతం. అంచనా నిలబడింది. కానీ ఆ ఆగస్టు 1901 తర్వాత అత్యంత పొడి ఆగస్టు. నాట్లు వేసి ఆకాశం వైపు చూస్తున్న రైతుకు ‘అంచనా ఫలించింది’ అన్న మాట వెక్కిరింపులా వినిపిస్తే ఆశ్చర్యం లేదు. జగదల్‌పూర్ వ్యవసాయ కళాశాల కేంద్రంగా రైతులకు వాతావరణ సలహాలు వెలువడుతున్నాయి. బ్లాకు స్థాయికి దిగి చెప్పేందుకు దేశవ్యాప్తంగా కృషి విజ్ఞాన కేంద్రాల్లో నెలకొల్పిన 199 జిల్లా వ్యవసాయ వాతావరణ యూనిట్లు మాత్రం 2024 మార్చితో మూతపడ్డాయి.

కనిపించని జబ్బుకు మాత్రలు మింగించిన తీరు

నమ్మకం ఎలా కుదురుతుందో చెప్పే ఉదాహరణ వైద్య రంగంలో ఉంది. 2020 జనవరిలో ‘మలేరియా ముక్త్ బస్తర్’ కార్యక్రమం మొదలైంది. జ్వరం ఉన్నా లేకున్నా ఇంటింటికీ వెళ్లి అందరికీ రక్తపరీక్ష చేశారు. మలేరియా బయటపడినవారిలో సగానికి పైగా ఏ లక్షణాలూ లేనివారే. ఒంట్లో బాగానే ఉందనుకునే మనిషికి నీలో జబ్బు ఉందని చెప్పి మాత్రలు మింగించడం తేలిక కాదు. వాతావరణ శాస్త్రవేత్తలు చేయాల్సిన పనీ దాదాపు ఇదే: కంటికి కనిపించని ముప్పును ముందుగా నమ్మించడం.

ఆ పని చేసింది ఎక్కువగా మితానిన్‌లు. ఛత్తీస్‌గఢ్ 2002 నుంచి నియమిస్తున్న ఈ ఆరోగ్య కార్యకర్తలు ఆ ఊరి ఆడబిడ్డలో, కోడళ్లో. మాట్లాడేది ఆ ఊరి భాష. పరీక్ష పట్టీ మీద గీత కనిపించేది ఇంటివాళ్ల ఎదుటే. మొదటి విడతలో 4.6 శాతంగా ఉన్న మలేరియా పాజిటివ్ రేటు, రాష్ట్ర ప్రభుత్వ గణాంకాల ప్రకారం 2024 నాటికి దాదాపు అర శాతానికి తగ్గింది. దోమతెరల పంపిణీకీ ఇందులో వాటా ఉంది.

వాతావరణ సమాచారానికి అలాంటి మితానిన్ లేదు. ఆకాశవాణి జగదల్‌పూర్ కేంద్రం హల్బీ, గోండీ వంటి భాషల్లో కార్యక్రమాలు ప్రసారం చేస్తున్నా, వ్యవసాయ వాతావరణ సలహాలు ప్రధానంగా హిందీలోనే వెలువడుతున్నాయి. 2011 జనగణన ప్రకారం దేశంలో గోండీ మాతృభాషగా ఉన్నవారు 29.84 లక్షలు. ఆ భాషకు ఎనిమిదో షెడ్యూల్‌లో చోటు లేదు.

తెలుగు పాఠకులకు దగ్గరి ఉదాహరణ ఇదే నీటి దిగువన ఉంది. బస్తర్‌లో కురిసిన వాన ఇంద్రావతి, శబరి నదుల గుండా గోదావరిలో కలుస్తుంది. ఇంద్రావతిపై పాతగూడెం వద్ద, శబరిపై కుంట వద్ద కేంద్ర జలసంఘం నీటిమట్టాలు నమోదు చేస్తుంది. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు. ఏ అంకెకు ఏ వీధిలోకి నీళ్లొస్తాయో అక్కడి చిన్న పిల్లలకూ తెలుసు. ఆ అంకెను ఎవరూ సందేహించరు, ఎందుకంటే కరకట్ట మీదికి వెళ్లి ఎవరైనా చూసుకోవచ్చు. ఎగువన, కుంట పరిసరాల్లోని దోర్లా గ్రామాల్లో శబరి మట్టాన్ని ఇంకా ఒడ్డు చెట్ల గుర్తులతోనే చెప్పుకుంటారు.