ఇప్పచెట్ల దాకా ఢిల్లీ, ఈతచెట్ల నుంచి గోల్కొండ

"బండ్లు ఆపు! సుంకం కట్టి కదులు."

"పొద్దుగాల్నే కట్టినం గద అయ్యా."

"అది వెనకటి చౌకీ. ఇది వేరే. మూటల్ల ఏమున్నయి?"

"కత్తులు, బల్లెం మొనలు. ఇందల్వాయి సరుకు."

"విప్పు మరి. లెక్క చూడాలె."

బండివాడు దిగాడు. వెనక బండ్లన్నీ వరసగా ఆగాయి. ముందు ఇంకా ఎన్ని చౌకీలున్నాయో అతనికి తెలుసు. అందుకే ఎదురు చెప్పలేదు. మొలలోని సంచి తీసి ముడి విప్పాడు.

ఈ మాటలు నా ఊహ. చౌకీ మాత్రం ఊహ కాదు. ఆ రోజుల్లో, అంటే 1666-67లో, ఔరంగాబాదు నుంచి గోల్కొండకు ఈ దారినే ప్రయాణం చేసిన ఫ్రెంచి యాత్రికుడు థెవెనాట్ ఆ చౌకీలను లెక్కపెట్టి మరీ రాశాడు. సరిహద్దు నుంచి భాగ్యనగరం వరకు 23 లీగ్‌ల దూరం, దాదాపు వంద కిలోమీటర్లు. ఆ కాస్త దారిలో 16 చోట్ల సుంకం అడిగేవాళ్లు కాపు కాశారు. వసూలు చేసేవాళ్లు ఎక్కువగా బ్రాహ్మలేననీ, మొగలుల వైపు బనియాల కంటే దురుసుగా మాట్లాడతారనీ విసుక్కున్నాడు. అతని వయసప్పుడు ముప్పై నాలుగు లోపే. అరబ్బీ, పారసీ, తురుష్క భాషలు వచ్చినవాడు. తిరుగు ప్రయాణంలో పారసీక దేశంలో పోయాడు. రాసుకున్న కాగితాలు మాత్రం మిగిలాయి.

ఆ కాగితాల్లో మన ఊళ్లున్నాయి. నాందేడు దాటి, కొండల్వాడి మీదుగా ఇందూరు (ఇప్పటి నిజామాబాదు), అక్కడి నుంచి ఇందల్వాయి. బోధన్ చుట్టుపక్కల నేల ఇదంతా. ఇప్పుడైతే చెరుకు గుర్తొస్తుంది, 1937 నాటి నిజాం షుగర్ ఫ్యాక్టరీ గుర్తొస్తుంది, 2015 డిసెంబరులో దాని గేటుకు పడిన తాళం గుర్తొస్తుంది. అప్పటికి నిజాంసాగర్ కాలువా లేదు, నిజామూ లేడు. షాజహాన్ కాలంలోనే ఈ భాగం మొగలుల కిందికి పోయింది. దక్కనులో వాళ్లు ఏర్పరచిన నాలుగు సుబాల్లో ఒకదాని పేరే తెలింగాణా. గోల్కొండలో ఇంకా కుతుబ్‌షాహీలే.

అంటే ఒకే భాష మాట్లాడే ఊళ్ల నడుమ నుంచి రెండు రాజ్యాల గీత వెళ్లింది. ఆ గీత ఎలా ఉండేదో థెవెనాట్ రాశాడు. ఇందల్వాయి దాటాక, కల్వార్ అనే ఊరి అవతల, ఇప్పచెట్ల దగ్గర మొగలు రాజ్యం ఆగిపోతుంది. మధ్యలో చిన్న వాగు. వాగు దాటితే ఈతచెట్లు, అక్కడి నుంచి గోల్కొండ. గోడ లేదు, కందకం లేదు. ఇప్పపూలు ఏరుకునేవాళ్లకూ ఈతకల్లు గీసేవాళ్లకూ ఆ వాగు రోజూ దాటే వాగే అయి ఉంటుంది. సరుకు బండికి మాత్రం అది సరిహద్దు.

ఇందూరు దొర గురించి అతను రాసింది చదివితే నవ్వొస్తుంది. ఆయన తనకు వీలైనంత వరకే మొగలు పాదుషాను ఒప్పుకుంటాడట. రెండు ఏనుగుల మధ్య పొలమున్న రైతు చేసే పనే అది. ఇందులో పిరికితనం వెతకడం తప్పు. సరిహద్దులో బతికినవాడికి విధేయత కంటే లెక్క ముఖ్యం.

ఇందల్వాయి గురించి అతను రాసింది కొద్దిగానే. కానీ ఆ కొద్దిలోనే కొండంత విషయముంది. అక్కడ కత్తులు, బాకులు, బల్లేలు విస్తారంగా చేస్తారు, అవి హిందుస్థానమంతా అమ్ముడుపోతాయి, ఇనుము దగ్గరి కొండలోని గని నుంచే వస్తుంది. ఈ ఊరి కొలిమి నుంచి ఆయుధం ఎవరికి వెళ్లింది? కొన్నవాడికి. గోల్కొండ గోడ మీద నిలబడ్డ సిపాయి చేతిలోనూ, కింద ఫిరంగుల పక్కన ఉన్న మొగలు సిపాయి చేతిలోనూ ఇందల్వాయి ఇనుమే ఉండి ఉంటే నాకేమీ ఆశ్చర్యం లేదు.

ఆ కోట పడే రోజు ఎంతో దూరం లేదు. 1685లో మొగలు సైన్యం హైదరాబాదు నగరాన్ని దోచింది. 1686లో గోల్కొండ మంత్రులు అక్కన్న, మాదన్నలను గోల్కొండ వీధిలో నరికేశారు. 1687లో ఔరంగజేబు స్వయంగా వచ్చి ఎనిమిది నెలలు కోట చుట్టూ కూర్చున్నాడు. గోడలు బద్దలు కాలేదు. సెప్టెంబరు 21 రాత్రి లంచం తిన్న సర్దారు తలుపు తీశాడు. గోల్కొండ సుల్తాను తానీషాను దౌలతాబాదు కోటలో బంధించారు. థెవెనాట్ యాత్ర ఇంగ్లీషులోకి మారి లండనులో అచ్చయిందీ ఆ 1687లోనే. అక్కడి పాఠకుడు ఇప్పచెట్ల సరిహద్దు గురించి చదివే నాటికి ఇక్కడ సరిహద్దే పోయింది.

మరి బండివాడికి ఏమైంది?

ఇక్కడే నాకు చరిత్ర పుస్తకాల మీద కోపం. గోల్కొండ పడిన రాత్రి గురించి పేజీలకు పేజీలు. తెల్లారాక ఊళ్లలో ఏం జరిగిందో ఒక్క పేరా. ఔరంగజేబు గద్దెనెక్కిన కొత్తలోనే రాహదారీ సుంకాలు ఎత్తేశానన్నాడు. ఫర్మానా ఉంది. జాగీర్దార్లు దాన్ని లెక్కచేయలేదని ఆ కాలపు చరిత్రకారుడు ఖాఫీఖానే రాశాడు. కాబట్టి రెండు రాజ్యాలు ఒకటైనంత మాత్రాన చౌకీలు లేచిపోయాయని నేను నమ్మను. పైగా కొత్త బరువు పడింది. ముస్లిములు కానివాళ్ల మీద జిజియా పన్ను వచ్చింది. సుబేదారుగా జాన్ సిపార్ ఖాన్, ఆయన తర్వాత కొడుకు రుస్తుందిల్ ఖాన్ వచ్చారు. తెలంగాణ శిస్తులో మిగులు సొమ్ము ఔరంగజేబు దండు ఎక్కడుంటే అక్కడికి వెళ్లింది, మరాఠాల మీద ఎడతెగని యుద్ధానికి. తానీషా కాలంలో అధికారులు తిన్నారనుకున్నా, ఆ సొమ్ము కొంత ఈ నేలలోనే తిరిగేది. ఇప్పుడది పొలిమేర దాటి పోయింది. ఊళ్లో లెక్క రాసే కరణం మారలేదు, దేశ్‌ముఖ్ మారలేదు. పైన అడిగేవాడు మారాడు.

ఆ అడగడానికి ఎదురు తిరిగినవాళ్లలో అందరికీ తెలిసిన పేరు సర్వాయి పాపన్నది. మన జిల్లా కాదు, ఓరుగల్లు వైపు. గౌడ కులం. 1708లో ఓరుగల్లు మీద, తర్వాత భువనగిరి మీద పడ్డాడు. 1709లో బహదూర్‌షా హైదరాబాదుకు వస్తే పాపన్న నజరానా తెచ్చి, పాదుషా ఇచ్చే గౌరవ వస్త్రం ఖిల్లతు తొడుక్కున్నాడు. గీత కార్మికుడికి పాదుషా చేతి ఖిల్లతా అని పెద్దింటివాళ్లు గగ్గోలు పెట్టారు. పాదుషా మాట మార్చాడు. 1710లో పాపన్న తల నరికి ఢిల్లీకి పంపారు. పాపన్న దోపిడీలు చేశాడనేదీ నిజమే. కానీ ఖిల్లతు మీద వచ్చిన గొడవ చూడండి. అందులో దోపిడీ కన్నా కులమే ఎక్కువ వినిపిస్తుంది.

కొలిమి దగ్గరికి తిరిగొద్దాం. పాదుషాలు పోయారు, 1724లో నిజాం వచ్చాడు, కంపెనీ వచ్చింది. కొలిమి మాత్రం మండుతూనే ఉంది. 1820 ప్రాంతంలో దేశాన్ని కొలుస్తున్న ల్యాంబ్టన్ సర్వే బృందంలోని డాక్టరు, భూగర్భ శాస్త్రవేత్త వోయ్‌సీ కోనసముద్రం వచ్చాడు. ఇప్పటి కమ్మర్‌పల్లి మండలంలోని ఊరే. ఆయన కళ్ల ముందు జరిగింది ఇలా ఊహించుకోండి. రెండు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుమును కలిపి మూసల్లో పెట్టారు. మూతి మట్టితో మెత్తారు. బొగ్గుల కొలిమిలో దించారు. తిత్తులు ఊదేవాళ్లు వంతులేసుకుని పగలూ రాత్రీ ఊదారు. చల్లారాక మూస పగలగొడితే గుండ్రటి ఉక్కు బిళ్ల. దాన్ని మళ్లీ మట్టి పూసి కాల్చి మెత్తబరిచారు.

ఆ బిళ్ల కోసం ఊళ్లో ఒక పరదేశి కాచుకుని ఉన్నాడు. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు హాజీ హుసేన్. తమ దేశంలో ఈ పని చేసి చూశామనీ, కుదరలేదనీ అతను వోయ్‌సీకి చెప్పాడు. అంతకు నూట యాభై ఏళ్ల ముందే ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ కూడా పారసీక కత్తుల మీద అలల్లాంటి చారలు తేలాలంటే గోల్కొండ ఉక్కే కావాలని రాశాడు. ఇన్ని రాజ్యాలు మారినా కొనేవాడు ఇస్ఫహాన్ నుంచి కమ్మరి వాకిట్లోకి నడిచి వచ్చాడంటే, ఆ పనితనాన్ని ఏ పాదుషా ఫర్మానా నిలబెట్టలేదు, ఏ దండయాత్రా చంపలేదు. దాన్ని చంపింది తర్వాత ఓడల్లో వచ్చిన చవక ఇనుము. వోయ్‌సీ 1824లో చనిపోయాడు. ఆయన రాసింది 1832లో కలకత్తాలో అచ్చయింది.

థెవెనాట్ దారిలోనే ఇప్పుడు 44వ నంబరు జాతీయ రహదారి ఉంది. దాని మీద ఇందల్వాయి దగ్గర టోల్‌ప్లాజా కూడా ఉంది. నవ్వుకోవాలో ఏడవాలో మీ ఇష్టం.

ఒక మాట అడుగుతాను. కోనసముద్రం, ఇందల్వాయి చుట్టుపక్కల పొలాల్లో నాగలికి నల్లటి చిట్టెం రాళ్లు, గట్టి మట్టి మూస ముక్కలు తగులుతుంటాయి. మూస ముక్కను విరిచి చూడండి, మట్టిలో కలిపిన వరి ఊక గుర్తులు కనిపిస్తాయి. ఆ కుప్పలను రోడ్డు కింద పరిచేయకండి. మీ సర్పంచుకు చూపించండి, పురావస్తు శాఖకు ఒక ఉత్తరం రాయండి, ఊరి బడిలో నాలుగు ముక్కలు దాచండి.