నామం, రూపం, యోగం: కుష్ఠచికిత్సలో మూలికావిద్య

పూర్వపు ఆదిలాబాదు, కరీంనగర్ జిల్లాల నడుమ గోదావరి సరిహద్దుగా ప్రవహిస్తుంది. గ్రీష్మం ప్రవేశించగానే ఆ ఉభయతీరాల అడవులలో రేలచెట్లు పసుపుపచ్చని పూలగుత్తులతో నిండిపోతాయి. ఈ రేలకే సంస్కృతంలో ఆరగ్వధమని పేరు. చరకసంహిత సూత్రస్థానంలోని మూడవ అధ్యాయం దీని పేరుతోనే 'ఆరగ్వధీయం' అయినది. ప్రధానంగా చర్మరోగాలకు పైపూతగా వాడదగిన 32 యోగాలను ఆ అధ్యాయం వివరిస్తుంది. మొదటి యోగంలోనే రేల, తగిరిస, కానుగ, అడ్డసరం, తిప్పతీగ, పసుపు కనిపిస్తాయి. ఇవన్నీ తెలంగాణ పల్లెలకు చిరపరిచితమైన మూలికలే.

ఆయుర్వేదంలో 'కుష్ఠం' అనే పదానికి నేటి కుష్ఠువ్యాధి మాత్రమే అర్థం కాదు. చర్మాన్ని వికృతం చేసే రోగసమూహమంతటికీ అది సామాన్యనామం. చరకుడు వాటిని 7 మహాకుష్ఠాలుగా, 11 క్షుద్రకుష్ఠాలుగా, మొత్తం 18గా విభజించాడు. కుష్ఠాన్ని హరించే ద్రవ్యాలలో ఖదిరాన్ని శ్రేష్ఠమని నిర్ణయించాడు. ఖదిరమంటే మన చండ్రచెట్టు. తాంబూలంలోని కాచు దాని చేవనుండే లభిస్తుంది.

అయితే ఈ చెట్లను ముందుగా ఎరిగినది ఎవరు? చరకుడే దీనికి సమాధానం చెప్పాడు. మేకలకాపరులు, గొర్రెలకాపరులు, గోపాలకులు, వనవాసులు ఓషధులను నామరూపాలతో ఎరుగుదురని సూత్రస్థానంలోని మొదటి అధ్యాయంలోనే అంగీకరించాడు. ఆ వెంటనే మరొక మెట్టు చూపించాడు. నామరూపజ్ఞానంతో విద్య పూర్తి కాదు. దేశకాలాలను, రోగి స్థితిని గమనించి ఓషధిని ప్రయోగించడం తెలియాలి. అదే యోగజ్ఞానం. అది లోపిస్తే ఓషధి కూడా విషంతోనూ, అగ్నితోనూ సమానమని హెచ్చరించాడు.

ఈ హెచ్చరికకు బావంచాలు మంచి నిదర్శనం. శ్విత్రానికి, అంటే బొల్లికి, బాకుచీబీజాలు ప్రసిద్ధమైన ఔషధం. శ్విత్రచికిత్సలో రోగిని ఎండలో ఉంచమని కూడా చరకుడు విధించాడు. బావంచాలలోని సోరాలెన్ అనే పదార్థం సూర్యకిరణాలు సోకినప్పుడే చర్మంపై పనిచేస్తుందని ఆధునికవిజ్ఞానం గ్రహించినది. మోతాదు మించితే అదే ఎండకు చర్మం కాలి పొక్కులెక్కుతుంది. గింజను గుర్తించడం నామరూపజ్ఞానం. ఎంత మందు, ఎంత ఎండ అని ఎరగడం యోగజ్ఞానం.

ఇక మరొక ప్రశ్న మిగులుతుంది. కుష్ఠనిదానంలో చరకుడు పాపకర్మను కూడా ఒక హేతువుగా చెప్పాడు. ఆ ఒక్కమాటనే పట్టుకొని లోకం రోగులను ఊరి వెలుపలికి నెట్టినది. కానీ ఆ హేతువును చెప్పిన అధ్యాయమే సుదీర్ఘమైన చికిత్సాక్రమాన్ని కూడా బోధిస్తున్నది. పాపఫలమని చెప్పి రోగిని విడిచిపెట్టమని శాస్త్రం ఆదేశించలేదు.

కరీంనగర్‌కు పశ్చిమాన ఉన్న నిజామాబాదు జిల్లా చరిత్రలో ఈ సత్యం ఆచరణరూపం దాల్చినది. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠురోగ వైద్యాలయం వెలసినది. దానిని నెలకొల్పిన వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ క్రైస్తవ మిషనరీలు. దాని నిర్మాణానికి ధనమిచ్చిన నర్సాగౌడ్ హిందువు. పరుల వేదన ముందు మతభేదం అడ్డురాలేదు.

అక్కడ ప్రయోగించిన ముఖ్యమైన ఔషధం హిడ్నోకార్పస్ నూనె. పశ్చిమసముద్రతీరంలో పెరిగే తువరకవృక్షాన్ని వర్ణించి, దాని తైలాన్ని కుష్ఠరోగికి త్రాగించమని సుశ్రుతుడు చెప్పాడు. ఆ తువరకం ఈ హిడ్నోకార్పస్ జాతిదే. త్రాగితే వమనం కలిగించే ఆ తైలాన్ని ఇరవయ్యవ శతాబ్దపు వైద్యులు సూదిమందుగా మార్చారు. ద్రవ్యం పాతదే, యోగం నూతనం. 1940ల తరువాత డాప్సోన్ రాకతో ఆ తైలం కూడా తెరమరుగైనది. నేడు బహుళౌషధ చికిత్సతో కుష్ఠువ్యాధి పూర్తిగా నయమవుతున్నది.

దీనివలన శాస్త్రగౌరవానికి లోటు లేదు. కాలానుగుణంగా ప్రయోగించమన్నదే చరకుని బోధ. నామరూపాలు మారుతూనే ఉంటాయి. నాడు ఆరగ్వధం, నిన్న తువరకం, నేడు మాత్రలు. మారనిది రోగిపట్ల చూపవలసిన దయ ఒక్కటే. రేలచెట్టు పూచినప్పుడు దాని అందంతోపాటు ఈ ధర్మం కూడా స్మరణకు రావాలి.